రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి: మన ఇళ్ళలో తెగని వాదన

మఫ్రఖ్ అంటే అరబ్బీ భాషలో దారులు చీలే చోటు. పేరుకు తగ్గట్టే ఇక్కడినుంచి ఒక దారి అబూధాబీ ద్వీపానికి, ఒకటి అల్ ఐన్‌కు, ఒకటి దుబాయికి, మరొకటి పడమటగా రువైస్ మీదుగా సౌదీ సరిహద్దుకు పోతాయి. ఈ దారుల పక్కన బ్రతుకు తెరువు వెతుక్కున్న మన తెలుగువాళ్ళు కూడా నాలుగు దిక్కులనుంచి వచ్చినవారే. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారున్నారు. కడప, అనంతపురం వారున్నారు. గోదావరి జిల్లాల వారున్నారు. అందరూ కలిసి పండుగ చేసుకుంటారు, అందరూ కలిసి భోజనం చేస్తారు. కాని ఒక పేరు వినబడితే మాత్రం పంక్తిలో కూర్చున్న పెద్దలు రెండు పక్షాలైపోతారు. ఆ పేరు నీలం సంజీవరెడ్డిగారిది.

ఈసారి పండుగకు వేదిక మీద తెలుగు ప్రముఖుల చిత్రపటాలు అలంకరించాలని అనుకున్నప్పుడు ఈ వాదన మళ్ళీ లేచింది. రాష్ట్రపతులైన తెలుగువారి పటాలు పెట్టకుండా ఎలా అని అనంతపురం పెద్దాయన అడిగారు. మా తెలంగాణకు ఇచ్చిన మాట తప్పినవాడి పటానికి మేము దండ వేయాలా అని కరీంనగర్ పెద్దాయన నొచ్చుకున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు ఇద్దరు తాతల ముఖాలూ మార్చి మార్చి చూసి, అసలు ఆయన ఎవరు, ఏమి చేశాడు అని అడిగారు. ఎవ్వరూ పూర్తిగా చెప్పలేకపోయారు. ఎవరికి తెలిసిన సగం వారు చెప్పారు. రెండు సగాలూ ఒకచోట చేర్చి చెప్పాలన్న తలంపుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నీలం సంజీవరెడ్డి 1913 మే 19వ తేదీన అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి చిన్నపరెడ్డి. వాన పడితే పంట, పడకపోతే కరువు అన్న సీమ అది. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి పాఠశాలలో చదివి, తర్వాత అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చేరారు. 1929లో గాంధీ మహాత్ముడు అనంతపురం వచ్చారు. ఆ రాకతో ఈ పదహారేళ్ళ కుర్రవాడి మనస్సు మారిపోయింది. విదేశీ వస్త్రాలు వదలి ఖద్దరు కట్టాడు. 1931లో చదువుకు స్వస్తి చెప్పి స్వాతంత్ర్యోద్యమంలోకి దిగాడు. 1935లో నాగరత్నమ్మగారిని వివాహమాడారు.

ఇరవై అయిదేళ్ళ వయస్సుకే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శియై సుమారు పదేళ్ళు ఆ బాధ్యత మోశారు. 1940 మొదలు 1945 వరకు మధ్యలో కొద్ది మాసాలు తప్ప కారాగారంలోనే గడిపారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో ఆయనను బేరారు ప్రాంతపు అమరావతి జైలుకు పంపారు. అదే జైలులో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, సత్యమూర్తి, వి.వి.గిరి వంటివారు ఉండేవారు. ఒకే గోడల మధ్య ఉప్పూ కారమూ పంచుకున్న ఈ సంజీవరెడ్డి, ఆ గిరిగారే తర్వాత పాతికేళ్ళకు దేశపు అత్యున్నత పదవికి ఎదురెదురుగా నిలబడతారని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

1946లో మద్రాసు శాసనసభకు, తర్వాత రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికయ్యారు. 1949 నుంచి 1951 వరకు మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగాగారి మీద పోటీ చేసి గెలిచారు. వెంటనే వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో సొంత అనంతపురంలోనే ఓడిపోయారు. ఓడించినది ఎవరో కాదు, తన భార్యకు సోదరుడైన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఒకే ఇంటి బంధువులు రెండు సిద్ధాంతాలకు కట్టుబడి ఎదురెదురుగా నిలిచిన రోజులవి. ఆ ఓటమి తర్వాత ఆయన రాజ్యసభకు వెళ్ళారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశంగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయినప్పుడు కూడా ఉప ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మన పెద్దల మొదటి తగవు ఇక్కడే మొదలవుతుంది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నాయకులకూ తెలంగాణ నాయకులకూ మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. దానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు. ఆంధ్ర పక్షాన గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నరసింగరావు చేశారు. అందులోని షరతుల్లో ఒకటి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వాడు కావాలన్నది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సంజీవరెడ్డి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణకు ఉప ముఖ్యమంత్రి పదవి మాత్రం రాలేదు. అదొక అనవసరమైన పదవి అన్నట్టుగా ఆయన దాన్ని తోసిపుచ్చారు. రెండుసార్లు స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఆ పదవిని అనవసరమనడం తెలంగాణ వారి గుండెల్లో ముల్లై గుచ్చుకుంది. 1960లో దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రి అయిన తర్వాతనే కె.వి.రంగారెడ్డిగారికి ఆ స్థానం దక్కింది.

పదవి ఒకటి ఇవ్వనంత మాత్రాన ఏమైందని అనంతపురం పెద్దాయన అంటారు. కరీంనగర్ పెద్దాయన జవాబు ఏమిటంటే, కాపురానికి వచ్చిన మొదటి రోజే మాట తప్పితే ఆ తర్వాత ఏ మాటనూ నమ్మబుద్ధి కాదని. ఈ రెండవ వాదంలో బలమున్నదని ఒప్పుకోవాలి. 1969లో తెలంగాణ ఉద్యమం లేచింది. 1972లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. ఇంత చరిత్రకు ఒక్క మనిషే కారణమనడం న్యాయం కాదు. కాని తొలి ముఖ్యమంత్రి తొలినాడే ఆ ఒడంబడికను మన్నించి ఉంటే అనుమానపు విత్తనం అంత తొందరగా మొలకెత్తేది కాదేమో.

ఇక రెండవ సగం. ఆయన పాలనలోనే 1959లో రాష్ట్రంలో పంచాయతీరాజ్ విధానం అమలులోకి వచ్చింది. సర్పంచులకూ, సమితులకూ, జిల్లా పరిషత్తులకూ అధికారం అన్న మాట ఊళ్ళలో మొదటిసారి వినబడింది. నాగార్జునసాగర్ పనులు సాగాయి. ఆయన రెండవ దఫా ముఖ్యమంత్రిత్వంలో, 1963లో, శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టుకు తర్వాత ఈయన పేరే పెట్టారు. అక్కడ పుట్టే విద్యుత్తు రాష్ట్రానికి వెలుగు ఇచ్చింది. ఆ జలాశయం క్రింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు నూరు గ్రామాలు మునిగిపోయాయి కూడా. కొందరికి వెలుగిచ్చిన నీరే కొందరి ఇల్లు ముంచింది. పెద్ద ఆనకట్టల కథలన్నీ ఇలాగే ఉంటాయి.

1960లో ముఖ్యమంత్రి పదవి వదలి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. 1962లో తిరిగి ముఖ్యమంత్రిగా వచ్చారు. 1964లో కర్నూలు జిల్లా బస్సు మార్గాలను ప్రభుత్వ రంగానికి అప్పగించిన వ్యవహారంలో సుప్రీంకోర్టు తన తీర్పులో ముఖ్యమంత్రికి ప్రతికూలంగా వ్యాఖ్యానించింది. శాసనసభలో ఆయన బలానికి లోటు లేదు. రాజీనామా చేయమని కోర్టు ఆదేశించనూ లేదు. అయినా ఫిబ్రవరిలో ఆయన పదవి విడిచి ఇంటికి వెళ్ళిపోయారు. కుర్చీని అంటిపెట్టుకుని ఉండేందుకు నేటి నాయకులు పడే పాట్లు చూస్తున్న మన పిల్లలకు ఈ ఒక్క ఘట్టం తప్పక చెప్పాలి. తప్పు జరిగిందా లేదా అన్నది వేరే మాట. న్యాయస్థానం వేలెత్తి చూపినప్పుడు పక్కకు తప్పుకోవడం ఒక మర్యాద. ఆ మర్యాదను ఆయన పాటించారు.

ఆ తర్వాత లాల్‌బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను, ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, విమానయాన శాఖలను నిర్వహించారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి మార్చి 17న సభాపతి అయ్యారు. సభాపతి ఏ పార్టీకీ చెందకూడదని కాంగ్రెసు సభ్యత్వానికే రాజీనామా ఇచ్చారు. అప్పటివరకు ఏ సభాపతీ అలా చేయలేదు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. జూలైలో బెంగుళూరులో కూడిన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించింది. ప్రధాని ఇందిరాగాంధీ జగ్‌జీవన్‌రామ్ పేరు ప్రతిపాదించారు, అది నెగ్గలేదు. ఉపరాష్ట్రపతిగా ఉండి రాష్ట్రపతి బాధ్యతలు చూస్తున్న వి.వి.గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. రాజీనామాకు ముందు ఆయన చేతిమీదుగా వెలువడిన ఆర్డినెన్సుతోనే 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప రెండవ ప్రాధాన్య ఓట్ల కోసం స్వతంత్ర, జనసంఘ్ నాయకులతో మాట్లాడటంతో, ఇందిరాగాంధీ తన పార్టీవారిని అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. ఒకరు గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన తెలుగువాడు, ఒకరు అనంతపురం తెలుగువాడు. మొదటి లెక్కలో ఎవరికీ ఆధిక్యం రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపిన మీదట గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ గల ఓట్లు వచ్చాయి. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలిపోయింది.

ఈ ఓటమి విషయంలో మాత్రం మన ఇద్దరు పెద్దలూ ఒకే మాట మీద ఉన్నారు. పెద్దల పోరులో ఆయన పావు అయ్యాడని ఇద్దరూ ఒప్పుకుంటారు. సొంత పార్టీ నిలబెట్టిన అభ్యర్థిని సొంత పార్టీ ప్రధానియే ఓడించిన వింత మన దేశంలో అదొక్కసారే జరిగింది. 1971 ఎన్నికల్లోనూ ఓడిపోయి, సంజీవరెడ్డి ఇల్లూరు చేరి వ్యవసాయం చేసుకున్నారు. రాజకీయంగా ఆయన కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు.

1975లో జయప్రకాశ్ నారాయణ్ పక్షాన మళ్ళీ బయటికి వచ్చారు. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన జనతా గాలి వీచినా, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలలో 41 కాంగ్రెసే గెలిచింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచినది సంజీవరెడ్డి. మళ్ళీ సభాపతి అయ్యారు. నాలుగు నెలలు తిరగకుండానే రాష్ట్రపతి పదవి ఖాళీగా ఉన్నందున అన్ని పక్షాలూ ఆయన పేరునే అంగీకరించాయి. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. పోటీ లేకుండా రాష్ట్రపతియైనవాడు మన దేశ చరిత్రలో ఆయన ఒక్కడే. ఎనిమిదేళ్ళ క్రితం తనను ఓడించిన పార్టీ కూడా ఈసారి ఎదురు నిలవలేదు. 1977 జూలై 25న పదవీ ప్రమాణం చేసి, జీతంలో పెద్ద భాగం వదులుకున్నారు.

ఇక్కడినుంచి రెండవ పెద్ద తగవు. ఇది ఆంధ్ర, తెలంగాణ తగవు కాదు, దేశమంతటి తగవు. 1979 జూలైలో జనతా పార్టీ చీలి మొరార్జీ దేశాయి ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి మొదట ప్రతిపక్ష నాయకుడైన చవాన్‌ను పిలిచారు, ఆయనకు చేతకాలేదు. తర్వాత మొరార్జీని, చరణ్‌సింగ్‌ను తమ తమ మద్దతుదారుల జాబితాలు ఇవ్వమన్నారు. జాబితాలు పరిశీలించి జూలై 28న చరణ్‌సింగ్‌ను ప్రధానిని చేసి, త్వరలో లోక్‌సభలో విశ్వాసం పొందాలని షరతు పెట్టారు. ఇందిరాగాంధీ పార్టీ ఇచ్చిన మద్దతు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 20న చరణ్‌సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా నాయకుడైన జగ్‌జీవన్‌రామ్ తనకు బలమున్నదని, అవకాశమివ్వమని కోరారు. రాష్ట్రపతి ఆయనను పిలవలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు.

జగ్‌జీవన్‌రామ్ హరిజన కుటుంబంలో పుట్టి, దశాబ్దాల పాటు కేంద్రమంత్రిగా రాణించినవాడు. ఆ రోజు పిలుపు వచ్చి ఉంటే ఆ వర్గాలనుంచి దేశానికి మొదటి ప్రధాని అయ్యేవాడేమో. అందుకే చాలామందికి ఆ నిర్ణయం ఇప్పటికీ మింగుడుపడదు. 1969లో తనకు పోటీగా వినబడిన పేరు జగ్‌జీవన్‌రామ్‌దే గనుక పాత పగ తీర్చుకున్నాడని కొందరు అనుమానించారు. ఒక్కనాడైనా లోక్‌సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చే సలహాకు విలువేమిటని న్యాయకోవిదులు ప్రశ్నించారు. మరోపక్షం వారు చెప్పేది ఇది. పొద్దున ఒక పార్టీ, సాయంకాలం ఇంకో పార్టీగా సభ్యులు గోడలు దూకుతున్న కాలమది. ఏ జాబితా కూడా వారం రోజులు నిలిచేలా లేదు. అలాంటప్పుడు తీర్పు ప్రజలనే అడగడం మేలని రాష్ట్రపతి భావించారు. 1980 జనవరిలో ప్రజలు ఆ తీర్పు ఇచ్చారు. ఇందిరా కాంగ్రెసుకు 353 స్థానాలు, జనతాకు 31 వచ్చాయి. 1969లో తనను ఓడించిన ఇందిరాగాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించవలసినవాడు మళ్ళీ సంజీవరెడ్డే అయ్యాడు. పగబట్టిన మనిషి ఆ ఘడియ వచ్చేలా చేసుకుంటాడా అని అనంతపురం పెద్దాయన అడుగుతారు. ఈ ప్రశ్నలోనూ బలమున్నది.

నా మట్టుకు తోచినది చెబుతాను. పగ సంగతి మనమెవరమూ చెప్పలేము, మనస్సులో ఉన్నది కాగితం మీద ఉండదు. అయితే చవాన్‌కు ఒక అవకాశం, చరణ్‌సింగ్‌కు ఒక అవకాశం ఇచ్చినవారు జగ్‌జీవన్‌రామ్‌కు కూడా నాలుగు రోజులు గడువు ఇచ్చి ఉంటే నష్టమేమీ ఉండేది కాదు. విఫలమైతే సభ రద్దు ఎలాగూ ఉన్నది. ఆ నాలుగు రోజులు ఇవ్వకపోవడమే ఆయన పేరుకు మచ్చ అయింది. అదే సమయంలో ఆయన పెట్టిన షరతు ఒకటి దేశానికి మిగిలింది. బలం సభలో చూపించాలి గాని రాష్ట్రపతి గదిలో కాదన్నది ఆ షరతు. 1989లో వి.పి.సింగ్‌ను ప్రధానిని చేసినప్పుడు రాష్ట్రపతి వెంకట్రామన్ కూడా గడువు పెట్టారు. 1994లో బొమ్మై కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బలపరీక్షకు సభయే తగిన చోటు అన్నది.

1982 జూలైలో పదవీకాలం ముగిసిన తర్వాత సంజీవరెడ్డి అనంతపురం తిరిగివచ్చారు. తన జ్ఞాపకాలను 1989లో ఇంగ్లీషులో పుస్తకంగా ప్రకటించారు. 1996 జూన్ 1న బెంగుళూరులో 83 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు.

పటం మాట ఏమైందని చదువరులు అడుగుతారు. పటం పెడుతున్నాము. కరీంనగర్ పెద్దాయనే చివరికి ఒప్పుకున్నారు, అయితే ఒక షరతు మీద. పటం క్రింద బిరుదులు, పొగడ్తలు వ్రాయకూడదు, 1956లో జరిగినదీ, 1964లో జరిగినదీ, 1979లో జరిగినదీ మూడూ వ్రాయాలి అన్నారు. అనంతపురం పెద్దాయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. పటానికి కావలసిన దండ ఇద్దరూ కలిసి తెస్తామన్నారు.

మన పిల్లలకు మనము ఇచ్చే ఆస్తి ఇళ్ళూ, పొలాలే కాదు. మన పెద్దల మంచీ చెడ్డా రెండూ తెలిసి ఉండటం కూడా ఆస్తే. సగమే చెబితే పిల్లలు రేపు మిగతా సగం ఇంకొకరి నోట విని, మనము దాచామని అనుకుంటారు. మన ఊళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాలయ్యాయి. మఫ్రఖ్‌లో మాత్రం పంక్తి ఒక్కటే, భాష ఒక్కటే. పండుగనాడు వేదిక దగ్గరికి వచ్చినప్పుడు పిల్లలకు ఆ పటం చూపించండి. క్రింద వ్రాసిన మూడు సంగతులూ చదివి వినిపించండి. తీర్పు వాళ్ళకే వదలండి.